ఐడీ కార్డు అమ్మే మానవ హక్కుల సంఘాలూ, అసలు సంఘాలూ

మీ పోస్టులో రెండు ప్రశ్నలున్నాయి. 'ఇంటర్నేషనల్' అని మొదలయ్యే ఒక మానవ హక్కుల సంస్థ నల్లగొండ జిల్లా అధ్యక్ష పదవి ఇస్తానంటోంది, 15 వేలు కట్టమంటోంది. ఐడీ కార్డు, కారుకి స్టిక్కరు, నియామక పత్రం ఇస్తారట, ఐక్యరాజ్యసమితి గుర్తింపు కూడా ఉందట. దీన్ని నమ్మొచ్చా, ప్రపంచంలో నిజంగా పేరున్న సంస్థలేవి, వాటికి ఏ అధికారాలుంటాయి అన్నది మొదటిది. ఖతార్‌లో మీ బావగారికి నెలల తరబడి జీతం రావడం లేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది, ఆమ్నెస్టీ అనే అంతర్జాతీయ హక్కుల సంస్థకి రాస్తే పనవుతుందా అన్నది రెండోది. నేను జిల్లా కోర్టులో వకీలుని. పౌరహక్కుల కేసులు, నిజనిర్ధారణ కమిటీల పని చాలా ఏళ్లుగా దగ్గర్నుంచి చూస్తున్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు మాత్రం కట్టకండి.

మన రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా అద్దం మీద ఎర్రక్షరాలతో 'హ్యూమన్ రైట్స్' అని రాసుకున్న కారు ఒకటైనా కనిపిస్తుంది. లోపల కూర్చున్నాయన స్టేట్ చైర్మనో, నేషనల్ ప్రెసిడెంటో అయ్యుంటాడు. టోల్‌గేటు దగ్గర కార్డు తీస్తాడు, స్టేషన్లో ఎస్ఐ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, భూతగాదాల్లో సెటిల్‌మెంట్లు చేస్తాడు. వీళ్లు చెప్పుకునే 'గుర్తింపు' ఏమిటో విడివిడిగా చూద్దాం. ప్రభుత్వ గుర్తింపు అంటే సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేసుకున్న కాగితం. సొసైటీకి ఏడుగురు మనుషులు, ఒక అడ్రసు ఉంటే చాలు. నీతి ఆయోగ్ గుర్తింపు అంటే దర్పణ్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే వచ్చే నంబరు. ఆ సంస్థ మంచిదని ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదది. ఇక జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి అనుబంధం అంటారు. ఆ కమిషన్ 1993లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఏర్పడింది. దానికి ప్రైవేటు జిల్లా శాఖలుండవు, డబ్బు కట్టి చేరే అధ్యక్షులుండరు.

ఐక్యరాజ్యసమితి గుర్తింపు అన్నమాట వినగానే మనవాళ్లు మెత్తబడతారు, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఐరాస ఆర్థిక సామాజిక మండలి స్వచ్ఛంద సంస్థలకి 'సంప్రదింపుల హోదా' అని ఒకటి ఇస్తుంది. 6 వేలకు పైగా సంస్థలకి అది ఉంది. జాబితా ఐరాస వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు, మీరూ ఆ పేరు కొట్టి చూడండి. ఆ హోదా ఉన్నవాళ్లు జెనీవా, న్యూయార్క్ సమావేశాల్లోకి వెళ్లొచ్చు, రాతపూర్వకంగా ప్రకటన ఇవ్వొచ్చు, వంతు వస్తే మైకు ముందు కాసేపు మాట్లాడొచ్చు. నల్లగొండ టూటౌన్ స్టేషన్లో దాంతో అయ్యేది ఏమీ లేదు.

ఆ కాస్త హోదా కూడా ఎంత కష్టంగా వస్తుందో చెప్తాను. కులవివక్ష మీద పనిచేసే అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ అనే సంస్థ కోపెన్‌హేగెన్‌లో ఉంది. దరఖాస్తు పెట్టుకుని దాదాపు 15 ఏళ్లు ఎదురుచూసింది. దరఖాస్తులు పరిశీలించే కమిటీలో మన దేశ ప్రతినిధులు విడత విడతకీ కొత్త ప్రశ్నలు వేస్తూ వాయిదా వేయించారు. ఆ ప్రశ్నలు వంద దాటాయి. చివరికి 2022 డిసెంబరులో హోదా వచ్చింది. అదే హోదా ఉందని చెప్పుకుంటూ మీ దగ్గర 15 వేలు అడిగేవాణ్ని ఏమనుకోవాలో మీరే ఆలోచించండి. పైగా ఐరాస పేరునీ చిహ్నాన్నీ అనుమతి లేకుండా వాడుకోవడం మన దేశంలో 1950 నాటి చట్టం ప్రకారం నేరం.

అసలు విషయం ఏమిటంటే, పేరున్న ఏ స్వచ్ఛంద హక్కుల సంస్థకీ ఎవర్నీ పిలిపించే, సోదా చేసే, అరెస్టు చేసే అధికారం లేదు. అది చెప్పింది నిజమని లోకం నమ్మడమే దానికున్న బలం. ఆ నమ్మకాన్ని ఒక్కో సంస్థ ఒక్కోలా సంపాదించుకుంది, ఒక్కోలా ఖర్చుపెడుతుంది. అధికారం ఉందని కార్డు చూపించేవాణ్ని చూడగానే అనుమానం రావాల్సింది అందుకే.

ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌ సంగతే చూడండి. 1961 మే 28న పీటర్ బెనెన్సన్ అనే బ్రిటిష్ వకీలు లండన్ పత్రిక ది అబ్జర్వర్‌లో ఒక వ్యాసం రాశాడు. తమ అభిప్రాయాలు చెప్పినందుకు వివిధ దేశాల్లో జైళ్లలో పడి, లోకం మరిచిపోయిన ఖైదీల గురించి. పోర్చుగల్లో ఇద్దరు విద్యార్థుల్ని జైల్లో వేసిన వార్త చదివి కోపం ఆపుకోలేకపోయానని ఆయన చెప్పేవాడు. ఒక ఏడాది ప్రచారం చేద్దామనుకున్న పని ఇప్పుడు కోటిమందికి పైగా మద్దతుదారులున్న సంస్థ అయింది. 1977లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

వాళ్ల పద్ధతి చూస్తే చాలా చిన్నది, ఉత్తరాలు రాయడం. ఏదో ఊళ్లో పదిమంది స్కూలు టీచర్లు, గృహిణులు, గుమాస్తాలు కలిసి ఒక గ్రూపు పెట్టుకుంటారు. మొదటి రోజుల్లో అలాంటి గ్రూపుకి ముగ్గురు ఖైదీల్ని అప్పగించేవాళ్లు. ఒకరు పశ్చిమ దేశాల జైల్లో, ఒకరు కమ్యూనిస్టు దేశంలో, ఒకరు మూడో ప్రపంచ దేశంలో ఉన్నవాళ్లు. ఏదో ఒక పక్షం కొమ్ముకాస్తున్నారన్న మాట పడకూడదని ఆ మూడు లెక్క. తమ సొంత దేశపు కేసులు సభ్యులు పట్టించుకోకూడదన్న నియమం కూడా చాలాకాలం ఉండేది. ఆ నియమం మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. నిష్పాక్షికతకి అది మంచిదే. కానీ పక్క వీధిలో జరిగే అన్యాయం గురించి నోరు కట్టేసుకోమని మనిషికి చెప్పడం ఎలా ఉంటుందో ఊహించండి. తరవాత దాన్ని సడలించారు.

ఉత్తరాలతో పనవుతుందా అని నవ్వేవాళ్లకి లూయిజ్ బసిలియో రోసీ కథ చెప్తాను. బ్రెజిల్లో సైనిక ప్రభుత్వం ఉన్న రోజులు. 1973 ఫిబ్రవరిలో ఈ ప్రొఫెసర్‌ని పట్టుకుపోయారు. చిత్రహింసలు పెడుతున్నారన్న భయంతో ఆమ్నెస్టీ తొలిసారి 'తక్షణ చర్య' విజ్ఞప్తి పంపింది. అంటే ఫలానా మనిషి ప్రమాదంలో ఉన్నాడు, ఇవాళే ఫలానా అధికారికి రాయండి అని. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. తన కేసు బయటి లోకానికి తెలిసిపోయిందని, ఇక తనని చంపలేరని అప్పుడే అర్థమైందని రోసీ విడుదలయ్యాక చెప్పారు. నిర్బంధించేవాడికి కావల్సింది చీకటి. పట్టుకుపోయిన మొదటి రోజుల్లోనే పేరు బయటికి రావడం ప్రాణం నిలబెడుతుందని మా దగ్గర కూడా హెబియస్ కార్పస్, అంటే పట్టుకుపోయిన మనిషిని కోర్టులో చూపించమనే పిటిషన్, వేసే వకీళ్లందరికీ తెలుసు.

అదే ఆమ్నెస్టీ నెల్సన్ మండేలాని 'మనస్సాక్షి ఖైదీ'గా, అంటే హింస జోలికి పోకుండా అభిప్రాయాల కోసమే జైలుకెళ్లినవాడిగా, గుర్తించడానికి ఒప్పుకోలేదు. హింసని ఒక మార్గంగా ఆయన సమర్థించారు కాబట్టి తమ నిర్వచనం కిందకి రారని 1964లో తేల్చింది. నలభై ఏళ్ల తరవాత, 2006లో, అదే సంస్థ ఆయనకి తన అతిపెద్ద పురస్కారం ఇచ్చింది. 2021లో రష్యా ప్రతిపక్ష నాయకుడు నవాల్నీకి కూడా పాత ప్రసంగాల్లోని ద్వేషపు మాటల కారణంగా ఆ గుర్తింపు తీసేసి, గొడవయ్యాక మూడు నెలల్లో తిరిగి ఇచ్చింది. నియమాలు పెట్టుకున్న సంస్థకి ఇలాంటి ఇబ్బందులు తప్పవు. నియమాలే లేని సంస్థకి ఇబ్బందే ఉండదు, మీకు పదవి ఇస్తానన్న సంస్థలాగా.

హ్యూమన్ రైట్స్ వాచ్ వేరే రకం. న్యూయార్క్ కేంద్రం. 1975లో సోవియట్ యూనియన్‌తో సహా 35 దేశాలు హెల్సింకీలో ఒప్పందం మీద సంతకాలు చేశాయి, అందులో హక్కుల గౌరవం కూడా ఒక మాట. సంతకం పెట్టినవాళ్లు మాట నిలబెట్టుకుంటున్నారా అని చూడ్డానికి 1978లో హెల్సింకీ వాచ్ మొదలైంది. తరవాత లాటిన్ అమెరికాకి ఒకటి, ఆసియాకి ఒకటి పెట్టి, 1988 నుంచి అందరూ ఒకే పేరు కింద పనిచేస్తున్నారు. ఇక్కడ సభ్యుల ఉత్తరాలు ఉండవు. జీతం తీసుకునే పరిశోధకులు, వకీళ్లు, విలేఖరులు సంఘటనా స్థలానికి వెళ్తారు, వందల ఇంటర్వ్యూలు చేస్తారు, నివేదిక రాస్తారు. దాన్ని పట్టుకుని మంత్రుల దగ్గరికి, పత్రికల దగ్గరికి, ఆయుధాలమ్మే దేశాల రాజధానులకి తిరుగుతారు. మందుపాతరల నిషేధం కోసం జరిగిన అంతర్జాతీయ ప్రచారాన్ని మొదలుపెట్టిన సంస్థల్లో ఇదొకటి. ఆ ప్రచారానికి 1997లో నోబెల్ వచ్చింది.

'వీళ్లకి డబ్బెక్కడిది?' అని అడుగుతారు, అడగాలి కూడా. తమ పరిశోధనకి ప్రభుత్వాల డబ్బు తీసుకోబోమని రెండు సంస్థలూ అంటాయి. ఆమ్నెస్టీకి ఎక్కువగా మామూలు జనం చందాలు. హ్యూమన్ రైట్స్ వాచ్‌కి పెద్ద దాతల వాటా ఎక్కువ. 2010లో జార్జ్ సోరోస్ పదేళ్లలో 10 కోట్ల డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. ఒక సౌదీ వ్యాపారి నుంచి, పశ్చిమాసియాలో స్వలింగ సంపర్కుల హక్కుల పనికి వాడకూడదన్న షరతుతో తీసుకున్న విరాళం గురించి 2020లో బయటపడింది. అది తప్పేనని ఒప్పుకుని, డబ్బు వెనక్కి ఇచ్చేశామని ఆ సంస్థే ప్రకటించింది. ఇజ్రాయెల్‌కి వ్యతిరేకంగా పక్షపాతం చూపిస్తోందని దాన్ని స్థాపించిన రాబర్ట్ బెర్న్‌స్టీనే 2009లో పత్రికకెక్కి విమర్శించాడు. 2022లో ఉక్రెయిన్ సైన్యం జనావాసాల మధ్య మకాం పెట్టి పౌరుల్ని ప్రమాదంలో పడేస్తోందని ఆమ్నెస్టీ అన్నప్పుడు అక్కడి శాఖ అధిపతి రాజీనామా చేసింది. విమర్శలన్నీ కుట్రలని కొట్టిపారేయక్కర్లేదు. అలాగని విదేశీ డబ్బు అన్న ఒక్క మాటతో నివేదికలోని శవపరీక్ష వివరాలు అబద్ధమైపోవు. నివేదిక చదివి, ఎవర్ని అడిగారు, ఏ కాగితం చూశారు, అవతలి పక్షం జవాబు వేశారా అని చూడాలి.

మన దేశంలో ఆమ్నెస్టీ శాఖ 2020 సెప్టెంబరులో పని ఆపేసింది. ఈడీ బ్యాంకు ఖాతాలు స్తంభింపజేసింది. విదేశీ విరాళాల చట్టాన్ని తప్పించుకుని డబ్బు తెచ్చుకున్నారని ప్రభుత్వం అంది. కశ్మీర్ మీద, ఢిల్లీ అల్లర్ల మీద నివేదికలిచ్చినందుకు కక్ష అని సంస్థ అంది. మీకు తెలియాల్సింది ఏమిటంటే, ఆమ్నెస్టీ జిల్లా శాఖ అంటూ ఇవాళ మీ దగ్గరికి ఎవరైనా వస్తే నమ్మకండి.

ఇప్పుడు పూర్తిగా వ్యతిరేక పద్ధతి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, 1863, జెనీవా. సోల్ఫెరినో యుద్ధభూమిలో గాయపడ్డ సైనికుల్ని చూసి చలించిపోయిన ఆన్రీ డ్యునాంట్ అనే వ్యాపారి ఆలోచనలోంచి పుట్టింది. ఖచ్చితంగా మాట్లాడితే ఇది హక్కుల సంఘం కాదు, యుద్ధ నియమాల్ని కాపాడే సంస్థ. కానీ జైళ్లలో వీళ్లు చేసే పని తెలుసుకోకపోతే ఈ విషయం సగమే అర్థమవుతుంది. వీళ్లు ఖైదీల్ని చూడ్డానికి వెళ్తారు, ఖైదీతో ఒంటరిగా మాట్లాడనివ్వాలని, మళ్లీ మళ్లీ రానివ్వాలని షరతు పెడతారు. చూసిందంతా ఆ ప్రభుత్వానికి మాత్రమే చెప్తారు, బయట నోరు విప్పరు. కశ్మీర్‌లో నిర్బంధంలో ఉన్నవాళ్లని కలవడానికి 1995లో మన ప్రభుత్వమే వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఇరాక్‌లో అబూ గ్రైబ్ జైలు ఘోరాల గురించి వాళ్లు అమెరికా అధికారులకి ముందే చెప్పారన్న సంగతి కూడా 2004లో వాళ్ల రహస్య నివేదిక లీకైతేనే లోకానికి తెలిసింది. 'తెలిసీ ఎందుకు మాట్లాడలేదు?' అని చాలామంది తిట్టారు. మాట్లాడితే మర్నాడు జైలు తలుపు మూసుకుపోతుంది, లోపలున్నవాడికి ఇంటి ఉత్తరం తెచ్చిచ్చే ఒక్క మనిషీ ఉండడు. కేకవేసేవాళ్లూ కావాలి, లోపలికెళ్లి మాట్లాడేవాళ్లూ కావాలి. రెండు పనులూ ఒకే సంస్థ చేయలేదు.

ఇవి కాక పారిస్‌లో 1922లో మొదలైన మానవ హక్కుల సమాఖ్య, బానిసత్వం మీద 1839 నుంచి పోరాడుతున్న లండన్ సంస్థ యాంటీ స్లేవరీ ఇంటర్నేషనల్, చిత్రహింసల మీద, విలేఖరుల రక్షణ మీద, ఆదివాసుల మీద పనిచేసేవి ఎన్నో ఉన్నాయి. డబ్లిన్‌లోని ఫ్రంట్‌లైన్ డిఫెండర్స్ హక్కుల కార్యకర్తలకే ప్రమాదం వస్తే ఆదుకుంటుంది. జాబితా పెంచుకుంటూ పోను.

ఐక్యరాజ్యసమితి గురించి మాత్రం చెప్పాలి. 1948 డిసెంబరు 10న పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన ఆమోదించారు. 48 దేశాలు అనుకూలం, ఎవరూ వ్యతిరేకించలేదు, 8 దేశాలు తటస్థం. మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అని ఉన్నచోట 'మనుషులందరూ' అని మార్పించింది మన హంసా మెహతా. ఇప్పుడు జెనీవాలో 47 దేశాల మానవ హక్కుల మండలి ఉంది. అందులో కూర్చునేది ప్రభుత్వాలే కాబట్టి, హక్కులు తొక్కేవాళ్లు కూడా ఓట్లతో గెలిచి వస్తుంటారు. 2011లో లిబియాని, 2022లో రష్యాని మాత్రం సాధారణ సభ పక్కన పెట్టింది. నా దృష్టిలో ఆ మండలిలో నిజంగా పనికొచ్చేది ప్రత్యేక ప్రతినిధులు. జీతం తీసుకోకుండా పనిచేసే స్వతంత్ర నిపుణులు వీళ్లు. చిత్రహింసలకి ఒకరు, తిండి హక్కుకి ఒకరు, అక్రమ నిర్బంధానికి ఒక బృందం, అదృశ్యాలకి ఒక బృందం. ఏ దేశం వాళ్లయినా బాధితుడి అనుమతితో వాళ్లకి ఫిర్యాదు రాయొచ్చు, వాళ్లు ఆ ప్రభుత్వానికి లేఖ పెడతారు. జవాబు రావాలన్న గ్యారంటీ లేదు. లేఖ రికార్డులో మాత్రం ఉంటుంది.

ఇంతకంటే గట్టి దారి ఒకటి ఉంది, అది మనకి మూసి ఉంది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. వ్యక్తులు నేరుగా ఐరాస కమిటీకి ఫిర్యాదు చేసుకునే అనుబంధ ఒప్పందంలో మాత్రం చేరలేదు. చిత్రహింసల నిషేధ ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ఆమోదించలేదు. ఐరోపా వాళ్లకి స్ట్రాస్‌బర్గ్‌లో, లాటిన్ అమెరికా వాళ్లకి కోస్టారికాలో, ఆఫ్రికా వాళ్లకి టాంజానియాలో మానవ హక్కుల కోర్టులున్నాయి. ఆసియాకి అలాంటిదే లేదు. అందుకే మనవాళ్ల ఆఖరి మెట్టు సుప్రీంకోర్టే, మొదటి మెట్టు మన ఊరి హక్కుల సంఘమే.

ఆ మొదటి మెట్టు మన దగ్గర చాలా గట్టిది. కుర్రకారుకి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1974లో పుట్టింది, మొదటి అధ్యక్షుడు శ్రీశ్రీ. తరవాత చాలాకాలం కన్నబిరాన్ అధ్యక్షుడు, బాలగోపాల్ ప్రధాన కార్యదర్శి. ఎమర్జెన్సీలో, 1975లో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్లు 'ఎన్‌కౌంటర్'లో చనిపోయారు. అలాంటి మరణాల మీద 1977లో హైకోర్టు మాజీ జడ్జి తార్కుండే నడిపిన కమిటీ సాక్షుల్ని కలిసి రాసిన నివేదికలతోనే మన దగ్గర నిజనిర్ధారణ అన్న సంప్రదాయం బలపడింది.

ఈ పని పైకి కనిపించేంత వీరోచితంగా ఉండదు. ఊరికి వెళ్లాలి. కుటుంబసభ్యుల్ని విడివిడిగా అడగాలి, ఎందుకంటే నలుగురిలో పెద్దాయన చెప్పిందే మిగతావాళ్లు చెప్తారు. చుట్టుపక్కలవాళ్లని అడగాలి. పోలీసుల కథనం అడగాలి, చెప్పకపోతే చెప్పలేదని రాయాలి. ఎఫ్ఐఆర్ ఎన్ని గంటలకి కట్టారు, పంచనామా ఎన్ని గంటలకి, శవాన్ని ఆస్పత్రికి ఎప్పుడు తెచ్చారు, ఈ మూడు టైములు పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు కథ అక్కడే విడిపోతుంది. 'చూశాం' అన్నది వేరు, 'చెప్పారు' అన్నది వేరు, రిపోర్టులో ఈ రెండూ కలవకూడదు. న్యూయార్క్ నుంచి వచ్చే పరిశోధకుడు చేసేదీ ఇదే. ఆయనకి విమాన టికెట్టు ఉంటుంది, మనవాళ్లు ఆర్టీసీ బస్సులో వెళ్తారు, అంతే తేడా.

దీనికి మన పౌరహక్కుల సంఘం వాళ్లు ఇచ్చుకున్న మూల్యం చిన్నది కాదు. పిల్లల డాక్టరు రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్లో తన క్లినిక్‌లోనే కాల్పులకి బలయ్యారు. పురుషోత్తంని 2000 నవంబరులో హైదరాబాద్‌లో, మీ నల్లగొండలోనే ఆజం అలీని 2001 ఫిబ్రవరిలో నరికి చంపారు. వీళ్లెవరి కారు మీదా స్టిక్కరు లేదు.

మరో వాదన కూడా జరిగింది, ఎంతో ముఖ్యమైంది. రాజ్యం చేసే హింసనే అడగాలా, నక్సలైట్లు చేసే హింసని కూడా అడగాలా? ఆమ్నెస్టీ 1991లో సాయుధ ప్రతిపక్షాల దురాగతాల్ని కూడా తన పనిలోకి తీసుకుంది. ఇక్కడ అదే ప్రశ్న మీద ఏళ్ల తరబడి చర్చ నడిచి, బాలగోపాల్ తదితరులు బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. రెండు వాదనలకీ బలం ఉంది, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేసింది రాజ్యమే కదా అన్నది మొదటివాళ్ల మాట. నాకు మాత్రం చచ్చిపోయిన సర్పంచు భార్యకి ఆ తేడా చెప్పి ఒప్పించడం ఎప్పుడూ సాధ్యం కాదనిపించింది.

ఫలితాలు ఎలా ఉంటాయో కూడా నిజాయితీగా చెప్పాలి. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే పోలీసుల మీద ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు జడ్జిల బెంచి తీర్పిచ్చింది. పౌరహక్కుల సంఘం ఏళ్ల తరబడి చేసిన వాదన అది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. తరవాత 2014లో పీయూసీఎల్ అనే దేశవ్యాప్త పౌరహక్కుల సంఘం వేసిన కేసులో స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి చేస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 2007లో విశాఖ మన్యం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. మానవ హక్కుల వేదిక చివరిదాకా వాళ్లతో నిలబడింది. 2023 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అధికారుల్ని తప్పుపట్టి, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లకి వచ్చింది ఇది. గెలుపనాలా ఓటమనాలా, నాకైతే తేలలేదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ సంగతి క్లుప్తంగా. ఫీజు లేదు, తెలుగులోనే రాయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు. కోర్టులో నడుస్తున్న వ్యవహారమైతే సాధారణంగా పక్కన పెడతారు. విచారణలో సివిల్ కోర్టు అధికారాలున్నాయి గానీ చివరికి ఇచ్చేది సిఫార్సే. పరిహారాల సిఫార్సుల్ని రాష్ట్రాలు చాలావరకు పాటిస్తాయి, అధికారుల మీద చర్య అన్నప్పుడు నత్తనడక. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో కమిషన్‌కి తెలియజేయాలన్న నియమం ఉంది కాబట్టి, అలాంటి కేసుల్లో 'సమాచారం పంపారా, నంబరెంత?' అని ఎస్పీ ఆఫీసులో అడగండి, కాగితం కదులుతుంది.

ఇక మీ బావగారు. ఆమ్నెస్టీకి రాస్తే ఆయన జీతం రాదు, వాళ్లు ఒక్కొక్కరి జీతాల కేసులు నడపరు. కానీ ఆయనకి ఇవాళ ఉన్న హక్కుల వెనక ఇలాంటి సంస్థల పని ఉంది. 2010లో ఖతార్‌కి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఇచ్చాక ఆమ్నెస్టీ, హ్యూమన్ రైట్స్ వాచ్, ప్రపంచ కార్మిక సంఘాలు లేబర్ క్యాంపుల మీద నివేదిక తరవాత నివేదిక వేశాయి. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఖతార్ మీద ఫిర్యాదు పడింది. విచారణ కమిషన్ దాకా వెళ్తుందన్న స్థితిలో ఖతార్ దిగొచ్చింది, 2018లో ఆ సంస్థ ఆఫీసు దోహాలోనే తెరిచారు. అదే ఏడాది ఎక్కువమంది కార్మికులకి దేశం విడిచి వెళ్లడానికి యజమాని అనుమతి అక్కర్లేకుండా పోయింది. 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తేవాలన్న నియమం తీసేశారు, 2021 మార్చి నుంచి కనీస వేతనం వెయ్యి రియాళ్లు. అమల్లో లోపాలు బోలెడు. నష్టపోయిన కార్మికులకి కనీసం 44 కోట్ల డాలర్ల నిధి పెట్టమని ఫిఫాని అడిగితే ఆ నిధి రాలేదు. అయినా చట్టం చేతిలో ఉంది, దాన్ని వాడుకోవాలి.

పాస్‌పోర్టు కంపెనీ ఉంచుకోవడం ఖతార్ చట్టప్రకారమే తప్పు. ఆయన్ని ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టమనండి, ఫోన్లోనూ పెట్టొచ్చు. రాజీ కుదరకపోతే కేసు కార్మిక వివాదాల పరిష్కార కమిటీకి వెళ్తుంది. కమిటీ తీర్పిచ్చినా కంపెనీ చేతులెత్తేస్తే కార్మికుల సహాయ నిధి నుంచి అడగొచ్చు. జీతం బ్యాంకు ద్వారానే పడాలి కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటే పెద్ద సాక్ష్యం. ఒప్పందం, ఖతార్ ఐడీ, డ్యూటీ షీట్లు, సూపర్‌వైజరు వాట్సాప్ మెసేజులు, అన్నీ ఫొటోలు తీసి మీకు పంపమనండి, ఆయన ఫోను పోయినా మీ దగ్గరుంటాయి. పని మానేసి క్యాంపు వదిలి వెళ్లొద్దని చెప్పండి, 'పరారీ' అని కేసు పెడితే లేనిపోని తలనొప్పి. ఖాళీ కాగితం మీద గానీ, అర్థంకాని అరబిక్ కాగితం మీద గానీ సంతకం పెట్టొద్దు.

ఇటువైపు మీరు చేయాల్సింది విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయడం. నంబరు వస్తుంది, దోహాలోని మన రాయబార కార్యాలయానికి చేరుతుంది. ఆయన్ని కూడా అక్కడ స్వయంగా వెళ్లి కలవమనండి. తిరుగు ప్రయాణానికి డబ్బుల్లేని పరిస్థితి వస్తే ప్రవాసుల సంక్షేమ నిధి రాయబార కార్యాలయం దగ్గరే ఉంటుంది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటరు ఉంది, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పంపిన ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూడండి. లేకపోతే మీ స్టేషన్లోనే అతని మీద కేసు పెట్టొచ్చు.

ఈ పని చేయాలన్న ఆసక్తి మీకుంటే నల్లగొండలో పౌరహక్కుల సంఘం గానీ, మానవ హక్కుల వేదిక గానీ మీటింగు పెట్టినప్పుడు వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరూ పదవి ఇవ్వరు. మొదట్లో కరపత్రాలు పంచమంటారు, తరవాత ఏదో ఊరికి తోడు రమ్మంటారు. పీయూసీఎల్ వంటి సంఘాలు ఏ ఫండింగ్ ఏజెన్సీ నుంచీ డబ్బు తీసుకోవు కాబట్టి బస్సు చార్జీలు కూడా మీవే.

ఆ 'ఇంటర్నేషనల్' ఆయనకి అడ్వాన్సు ఏమైనా ఇచ్చేశారా? ఇచ్చుంటే ఆ ఫోన్‌పే రసీదు, నియామక పత్రం కాపీ దాచుకోండి, వెనక్కి ఇవ్వనంటే చీటింగ్ కేసుకి అవే ఆధారం. బావగారి విషయంలో ఏ నెల నుంచి జీతం ఆగింది, ఒప్పందం ఎప్పటితో ముగుస్తుంది, కంపెనీ ఇంకా నడుస్తోందా మూతపడిందా అన్న మూడు వివరాలు కింద రాయండి. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.